అన్నయ్యకి డి విటమిన్ వేసి ఉంటే బతికేవాడా?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లె. నాకు 46 ఏళ్ళు. ఇంటిపట్టునే ఉండి లేసు అల్లుతాను. మా ఆయన రొయ్యల చెరువులు చేస్తారు. 2021 మేలో మా అన్నయ్య కరోనాతో పోయాడు. 49 ఏళ్ళు, షుగర్ ఉండేది. మందుల షాపులో పనిచేసే మా ఆడపడుచు కొడుకు ఈమధ్య వచ్చినప్పుడు, "మీ అన్నయ్యగారికి అప్పుడు డి విటమిన్ వేసి ఉంటే బతికేవారత్తా" అన్నాడు. అప్పట్నుంచి నాకు నిద్ర లేదు. మొన్న హెల్త్ క్యాంపులో అందరం రక్తపరీక్ష చేయించుకున్నాం. డి విటమిన్ నాకు 14, మా ఆయనకి 22, మా అత్తయ్యగారికి 11 వచ్చింది. ముగ్గురికీ ఎర్ర అక్షరాల్లోనే ఉంది. అత్తయ్యగారికి 74 ఏళ్ళు, నేలమీద కూర్చుంటే గుంజ పట్టుకుని గాని లేవలేరు. ఊళ్ళో ఆర్‌ఎంపీ గారు 6 లక్షల యూనిట్ల డి విటమిన్ ఇంజక్షన్ ఒకటి చేసేస్తే ఏడాది చూసుకోనక్కర్లేదంటున్నారు. మేనల్లుడేమో అందరూ వారానికో డి విటమిన్ పొడి పొట్లం వేసుకుంటూ ఉంటే టీబీ, క్యాన్సర్, గుండెజబ్బు దగ్గరికి రావంటున్నాడు. మావయ్యగారికి ఇదివరకు కిడ్నీలో రాళ్ళు వచ్చాయి, నెల నుంచి దగ్గు కూడా ఉంది, చుట్ట తాగుతారు కదా అని ఊరుకున్నాం, ఆయనకీ ఇవ్వచ్చా? రోజూ పొద్దున్న ఏడింటికి ఎండలో కూర్చుంటున్నాను, అది చాలదా? పొట్లంలోని పొడిని పాలల్లోనే కలపాలా, నీళ్ళల్లో కలిపినా ఫరవాలేదా?

జవాబు: అమ్మా, మీరు అడిగిన వరసలో చెప్పను. ముందు మావయ్యగారి దగ్గు సంగతి. దాన్ని మీరు రాళ్ళ మాట చెబుతూ మధ్యలో అనేసి వెళ్ళిపోయారు గాని, ఉత్తరం మొత్తంలో తొందరపడాల్సింది దాని గురించే. రెండు వారాలు దాటిన దగ్గు ఎవరికున్నా కళ్ళె పరీక్ష చేయించాలన్నది టీబీ కార్యక్రమంలో దేశమంతటా ఉన్న నియమం. నెల అయిందంటే ఇప్పటికే ఆలస్యం. చుట్ట తాగేవాళ్ళ దగ్గుని ఇంట్లోవాళ్ళు పట్టించుకోరు, తాగేవాళ్ళు అసలే పట్టించుకోరు. టీబీ అయినా, ఊపిరితిత్తుల క్యాన్సర్ అయినా ఆ నిర్లక్ష్యం చాటునే ముదిరిపోతుంది. రేపే పీహెచ్‌సీకి తీసుకెళ్ళండి. మీ ఆశా కార్యకర్తకి చెబితే డబ్బా ఆమే తెచ్చి ఇస్తుంది. పొద్దున్నే నోరు పుక్కిలించి, గట్టిగా గాలి పీల్చి, లోపల్నుంచి దగ్గి తీసిన కళ్ళె అందులో పడాలి. ఉమ్మి ఇస్తే పరీక్ష దండగ. ఛాతీ ఎక్స్‌రే కూడా తీయించండి. పరీక్షకీ మందులకీ ప్రభుత్వాసుపత్రిలో డబ్బులు తీసుకోరు. ఒకవేళ టీబీ అని తేలితే తిండికోసం నెలకి 1,000 రూపాయలు ఖాతాలో వేస్తారు. 2024 నవంబరుకి ముందు అది 500 ఉండేది.

ఆ రిపోర్టులు వచ్చేదాకా ఆయనకి డి పొట్లం ఇవ్వద్దు. రాళ్ళు ఒక కారణం. రెండో కారణం చాలామందికి తెలియదు. టీబీ సోకినచోట పోగయ్యే రక్షణ కణాలు డి విటమిన్‌ని తమంతట తామే పనిచేసే రూపంలోకి మార్చేసుకుంటాయి. మామూలుగా ఆ పని చేసేది కిడ్నీ. ఎంత కావాలో చూసుకుని అంతే చేస్తుంది. ఈ కణాలకి ఆ లెక్క లేదు. దాంతో కొందరిలో రక్తంలో కాల్షియం పెరిగిపోతుంది. మీరు బలానికని పొట్లం వేస్తే అది ఇంకాస్త పెరగచ్చు.

ఇక మీ అన్నయ్యగారి విషయం. మీ మేనల్లుడు చెడు ఉద్దేశంతో అని ఉండడు. ఆ రోజుల్లో చాలా చీటీల మీద జింకు, సి విటమిన్ పక్కనే డి పొట్లం కూడా ఉండేది. ఆస్పత్రుల్లో చేరినవాళ్ళ రక్తం చూస్తే, ప్రాణం మీదికి వచ్చినవాళ్ళలో డి బాగా తక్కువగా కనబడింది. ఆశ అక్కడ పుట్టింది. కనబడిన మాట నిజమే. దాన్నిబట్టి డి తక్కువవడం వల్లే ప్రాణం మీదికొచ్చిందనుకోవడంలోనే తిరకాసుంది. మీ ఆయన్ని అడగండి, చెరువులో ఆక్సిజన్ పడిపోతే తెల్లవారుజామున రొయ్యలు పైకి తేలతాయి. అవి తేలినందువల్ల ఆక్సిజన్ పడిపోయిందని ఏ రైతూ అనడు. ఒంట్లో ఏదైనా పెద్ద వాపు, దెబ్బ, జ్వరం వచ్చినప్పుడు రక్తంలో డి దానంతట అదే పడిపోతుంది. మోకాలి మార్పిడి ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళలో రెండు మూడు రోజుల్లోనే బాగా తగ్గడం డాక్టర్లు కొలిచి చూశారు. ఆ రెండు రోజుల్లో వాళ్ళేమీ ఎండకి దూరమై పాడైపోలేదు కదా. దీనికి తోడు వయసు మళ్ళినవాళ్ళలో, ఒళ్ళు ఎక్కువ ఉన్నవాళ్ళలో, షుగర్ ఉన్నవాళ్ళలో, మంచాన పడ్డవాళ్ళలో డి ముందే తక్కువ ఉంటుంది. కరోనా ఎక్కువగా కబళించింది కూడా వాళ్ళనే.

అసలు సంగతి తేలాలంటే కొందరికి నిజం మందు, కొందరికి ఉత్తుత్తి మందు, ఎవరికి ఏది ఇచ్చారో చెప్పకుండా ఇచ్చి చూడాలి. బ్రెజిల్‌లో ఆస్పత్రిలో చేరిన 240 మంది కరోనా రోగులతో అలాగే చేశారు. డి ఇచ్చినవాళ్ళకి ఒకేసారి 2 లక్షల యూనిట్లు ఇచ్చారు. వాళ్ళేమీ తొందరగా ఇంటికి రాలేదు, చావులూ తగ్గలేదు. ఆ ఫలితం 2021లోనే అచ్చయింది. ముందునుంచీ వేసుకుంటే కాపాడుతుందేమోనని బ్రిటన్‌లో 6,200 మందితో చూశారు. పరీక్ష చేసి, తక్కువ ఉన్నవాళ్ళకి మాత్రలు ఇచ్చినా కరోనా రావడం తగ్గలేదు. నార్వేలో 34 వేల పైచిలుకు మందితో డి ఉండే కాడ్ చేప కాలేయపు నూనె పరీక్షించారు. అక్కడా అంతే.

కాబట్టి అమ్మా, మీ అన్నయ్యగారు ఒక పొట్లం అందక పోలేదు. ఆ మేలో ఊపిరి అందనివాళ్ళని నిలబెట్టగలిగినవి ఆక్సిజనూ, స్టెరాయిడూ, ముందుగా పడిన టీకా. ఆక్సిజన్ పడక కోసం ఊళ్ళకి ఊళ్ళు పరిగెత్తిన రోజులవి, టీకా ఇంకా అందరి దాకా రాలేదు. ఇంట్లో ఆడపిల్ల చేతిలో ఉన్నవి కావు అవేవీ. మీ మేనల్లుడికి ఈ జవాబు చూపించండి, ఇంకెవరి దగ్గరా ఆ మాట అనకుండా ఉంటాడు. నిద్ర పట్టకపోవడం ఇలాగే సాగితే 14416కి ఫోన్ చేయండి. అది టెలి మానస్, ప్రభుత్వానిదే, డబ్బులు ఉండవు, తెలుగులోనే మాట్లాడతారు. పోయినవాళ్ళ గురించి మాట్లాడుకోవడానికి కూడా చేయచ్చు. పిచ్చి ఉన్నవాళ్ళే చేస్తారనుకోకండి.

అయితే డి విటమిన్‌కీ రోగనిరోధక శక్తికీ అసలు సంబంధమే లేదా అంటే, ఉంది. ఈ నమ్మకం ఊరికే పుట్టలేదు. మందులు లేని కాలంలో టీబీకి ఎండ, గాలి, మంచి తిండే వైద్యం. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో శానిటోరియం అనే టీబీ ఆస్పత్రిలో రోగుల్ని ఉంచి చూసింది అందుకే. చర్మానికి వచ్చే టీబీని కాంతితో నయం చేసిన నీల్స్ ఫిన్సెన్‌కి 1903లో నోబెల్ ఇచ్చారు. అప్పటికి విటమిన్ అన్న మాటే పుట్టలేదు. దాదాపు వందేళ్ళ తర్వాత, 2006లో, తెల్లరక్తకణాల్లో ఒక రకం టీబీ క్రిమిని గుర్తుపట్టగానే డి విటమిన్‌ని వాడుకుని క్రిమిని చంపే ఒక పదార్థాన్ని తయారు చేస్తుందని బయటపడింది. దాని పేరు కాథెలిసిడిన్. గాజు పాత్రలో ఇది చక్కగా జరుగుతుంది. అది చూశాక, డి ఇస్తే టీబీ ఆగుతుందని ఎవరికైనా అనిపిస్తుంది.

మంగోలియాలో చూశారు. అక్కడ చలికి ఒళ్ళంతా కప్పుకుని ఉండడంతో ఒంటికి ఎండ తగిలేది తక్కువ, పిల్లల్లో చాలామందికి డి బాగా తక్కువ, టీబీ ఎక్కువ. ఇంతకంటే అనువైన చోటు దొరకదు. 8,851 మంది బడిపిల్లల్లో సగంమందికి వారానికి 14,000 యూనిట్లు మూడేళ్ళు ఇచ్చారు. రక్తంలో డి పెరిగింది. టీబీ సోకడం మాత్రం తగ్గలేదు. 2020లో ఆ ఫలితం వచ్చింది. గాజు పాత్రలో జరిగింది పిల్లల ఒంట్లో జరగలేదు.

దీని పక్కన పెట్టి చూడాల్సిన సంగతి మన దేశంలోదే ఒకటుంది. మీ మేనల్లుడికి ఇదీ చెప్పండి. జార్ఖండ్‌లో టీబీ రోగుల ఇళ్ళల్లోని 10 వేలమంది పైగా మనుషులతో చేసిన పరీక్ష 2023లో అచ్చయింది. కొన్ని ఇళ్ళల్లో రోగితో పాటు మిగతావాళ్ళకి కూడా మనిషికి నెలకి 5 కిలోల బియ్యం, కిలోన్నర కందిపప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చారు. ఆ ఇళ్ళల్లో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. ఏ ఒక్క విటమిన్‌కీ రాని ఫలితం కడుపునిండా పప్పన్నానికి వచ్చింది! మావయ్యగారి పరీక్షలో ఏం తేలినా సరే, ఇంట్లో అందరి కంచంలో పప్పు, గుడ్డు, చేప ఉన్నాయా లేదా అన్నది ముందు చూసుకోండి. ఆఖర్న కూర్చుని మిగిలింది తినే అలవాటు మీకుంటే అది కూడా మానండి.

జలుబు, దగ్గు, న్యుమోనియాల సంగతి కొంచెం మెలికగా ఉంటుంది. 2017లో 25 పరీక్షల్ని కలిపి లెక్కేస్తే కాస్త మేలు కనబడింది. డి 10 కంటే కింద ఉన్నవాళ్ళకి మేలు ఎక్కువ, అదీ రోజూనో వారంవారమో కొద్దికొద్దిగా వేసుకున్నవాళ్ళకే. ఒకేసారి పెద్ద డోసు వేసినవాళ్ళకి ఏమీ లేదు. ఆ తర్వాత ఇంకా పెద్ద పరీక్షలు వచ్చి కలిశాయి. 2025 నాటికి 64 వేలమంది లెక్క తేలేసరికి ఆ మేలు కాస్తా ఉందా లేదా అనేంత చిన్నదైపోయింది. నా అభిప్రాయం అడిగితే, డి మరీ అడుగంటినవాళ్ళకి దాన్ని సరిచేస్తే ఊపిరితిత్తులకీ కొంత మంచి జరగచ్చు. సరిపడా ఉన్నవాళ్ళకి ఇంకా పోస్తే ఒరిగేదేమీ లేదు.

క్యాన్సర్, గుండెపోటు గురించి అమెరికాలో 25,871 మందితో పెద్ద పరీక్ష చేశారు. రోజుకి 2,000 యూనిట్లు, అయిదేళ్ళు. క్యాన్సర్ రావడం తగ్గలేదు, గుండెపోటు, పక్షవాతం తగ్గలేదు. ఎముకలు విరగడం కూడా తగ్గలేదు, అయితే వాళ్ళలో ఎక్కువమందికి డి ముందే సరిపడా ఉంది. ఒంటిని కాపాడాల్సిన రక్షణ శక్తే ఒంటిమీద తిరగబడే జబ్బులు, అంటే కీళ్ళవాతం, సోరియాసిస్‌లాంటివి 22 శాతం తగ్గాయి. క్యాన్సర్‌తో చనిపోవడం కొంచెం తగ్గిందేమోనన్న సూచన ఉంది గాని దాన్ని పట్టుకుని మందు రాయలేం. ఆస్ట్రేలియాలో అరవై దాటిన 21 వేలమందికి చేసిన పరీక్ష మీ ఇంటికి ఇంకా దగ్గర. వాళ్ళకి ఇచ్చింది నెలకి 60,000 యూనిట్లు, సరిగ్గా మీ మేనల్లుడి షాపులో దొరికే పొట్లం. అయిదేళ్ళు వేసుకున్నా, వేసుకోనివాళ్ళకంటే ఎక్కువకాలం ఏమీ బతకలేదు.

"విటమినే కదా, ఎక్కువైతే మాత్రం ఏమవుతుంది" అనే మాట ఊళ్ళల్లో బాగా వింటాను. మీ పక్కన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి కథలోనే దానికి జవాబుంది. అమెరికాలో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్ తయారు చేసింది. అదీ విటమినే. రక్తక్యాన్సర్ వచ్చిన పిల్లలకి అది మేలు చేస్తుందేమోనని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు ఇచ్చి చూస్తే క్యాన్సర్ ఇంకా ఉధృతమైంది. ఆయన దాన్ని తిరగేసి ఆలోచించి ఫోలిక్ యాసిడ్‌ని అడ్డుకునే మందు అడిగారు. సుబ్బారావుగారి బృందమే చేసి ఇచ్చింది. 1948లో ఆ మందుతో కొందరు పిల్లల్లో క్యాన్సర్ కొంతకాలం వెనక్కి తగ్గింది. బలానికని ఇచ్చిన విటమినే రోగానికి బలమిచ్చిన ఉదంతం అది.

ఇప్పుడు అత్తయ్యగారు. 74 ఏళ్ళు, డి 11, గుంజ పట్టుకుని లేవడం. డి విటమిన్ నిజంగా అవసరమైన మనిషి మీ ఇంట్లో ఆవిడే. తొడ కండరాలు నీరసించి నేలమీద నుంచి, కుర్చీలోంచి లేవలేకపోవడం, నడుము, తుంటి, పక్కటెముకలు నొక్కితే నొప్పి పుట్టడం డి బాగా తగ్గి ఎముక మెత్తబడినప్పుడు కనబడే లక్షణాలు. ఇది వయసు వల్లే అని సరిపెట్టుకోకుండా పాలకొల్లులోనో భీమవరంలోనో జనరల్ మెడిసిన్ డాక్టరుకి చూపించి కాల్షియం, ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, కిడ్నీ పరీక్ష చేయించండి.

ఇంజక్షన్ మాత్రం వద్దనండి. 6 లక్షలంటే పది పొట్లాలు ఒక్క దెబ్బకి. ఆస్ట్రేలియాలోనే డెబ్భై దాటిన 2,256 మంది ఆడవాళ్ళతో ఒక పరీక్ష చేశారు, ఏడాదికోసారి 5 లక్షల యూనిట్లు నోటిద్వారా ఇచ్చి. పడిపోకుండా, ఎముకలు విరక్కుండా ఉంటారని వాళ్ళ ఆశ. జరిగింది తలకిందులు. డి వేసుకున్నవాళ్ళలో పడిపోవడాలు 15 శాతం, ఎముకలు విరగడాలు 26 శాతం ఎక్కువయ్యాయి. ఏడాది చూసుకోనక్కర్లేదన్న సుఖం కోసం అత్తయ్యగారి తుంటి ఎముకని పణంగా పెట్టద్దు. ఆర్‌ఎంపీ గారితో గొడవ పడక్కర్లేదు, "డాక్టరుగారు నోటిమందే రాశారండీ" అంటే సరిపోతుంది.

ఇలాంటివాళ్ళకి డాక్టర్లు మామూలుగా రాసేది వారానికి 60,000 పొట్లం ఒకటి చొప్పున 8 వారాలు, ఆ తర్వాత రోజుకి 1,000 యూనిట్ల మాత్రో నెలకో పొట్లమో. మీకూ 14 కాబట్టి మీకూ దాదాపు అదే రాయచ్చు. మూడు నెలలయ్యాక మీ ఇద్దరికీ ఒకసారి పరీక్ష చేస్తే చాలు, ప్రతి క్యాంపులోనూ చేయించుకోనక్కర్లేదు. ఎవరికైనా బీపీకి నీరు పోయే మాత్ర గాని, గుండెకి డైగాక్సిన్ గాని ఉంటే ఆ చీటీ కూడా డాక్టరుకి చూపించండి. వీటితో పాటు కాల్షియం పెరిగితే ఇబ్బంది.

మీ ఆయనకి ఏమీ అక్కర్లేదు. 22కి ఎర్ర అక్షరం ఎందుకు పడిందంటే ల్యాబు వాళ్ళు 30ని గీతగా పెట్టుకున్నారు కాబట్టి. ఎముకకి 20 దాటితే దాదాపు అందరికీ చాలునని అమెరికా నిపుణుల సంఘం 2010లోనే తేల్చింది. 30 ఉండాలని ఒకప్పుడు చెప్పిన ఎండోక్రైన్ (హార్మోన్ల జబ్బుల) డాక్టర్ల సంఘమే 2024లో ఆ మాట వెనక్కి తీసుకుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి ఈ పరీక్షే ఊరికే చేయించద్దని కూడా చెప్పింది. క్యాంపుల్లో ఈ పరీక్ష ఎందుకంత ఇష్టంగా చేస్తారో నాకు అర్థమైంది గాని ఇక్కడ రాయను.

పొద్దస్తమానం చెరువు గట్టునుండే మనిషికి 22 ఏమిటని మీకు అనుమానం రావచ్చు. తిరుపతి స్విమ్స్ డాక్టర్లు ఇరవై ఏళ్ళ కిందటే ఆంధ్రా పల్లెల్లో పొలం పని చేసేవాళ్ళని పరీక్షించి, అంత ఎండలోనూ డి చాలామందికి తక్కువేనని చూపించారు. కాల్షియం తక్కువగా తినడం, గింజల పొట్టులో ఉండే ఫైటేట్లనే పదార్థాలు తిన్న ఆ కాస్త కాల్షియాన్ని కూడా పట్టేసుకోవడం ఒక కారణమని వాళ్ళన్నారు. కాల్షియం చాలనప్పుడు ఒళ్ళు డి విటమిన్‌ని తొందరగా ఖర్చుపెట్టేస్తుంది. కాబట్టి పొట్లం ఒక్కటే వేసి ఊరుకుంటే కుదరదు. పెరుగు, చోళ్ళ జావ, నువ్వులు, ముల్లుతో సహా నమిలే మెత్తళ్ళు కంచంలో ఉండాలి.

ఎండ విషయంలో మీరు రోజూ పడుతున్న శ్రమ వృథా అవుతోంది. ఏడింటి ఎండ ఒంటికి హాయి, డి కి దండగ. చర్మంలో డి తయారు చేసే కిరణం అంత ఏటవాలుగా వచ్చేటప్పుడు గాలిపొరల్లోనే ఆగిపోతుంది. తిరుపతిలో కొలిస్తే ఎక్కువ తయారయ్యేది పదకొండు నుంచి రెండు మధ్య అని తేలింది. గడియారం కంటే నీడ చూసుకోవడం తేలిక. ఎండలో నిలబడితే మీ నీడ మీకంటే పొడుగ్గా ఉందా, ఇంకా టైము కాలేదన్నమాట. మన గోదావరి జిల్లాల్లో వేసవిలో తొమ్మిది దాటేసరికే నీడ పొట్టిదవుతుంది. ధనుర్మాసంలో అయితే పదకొండు దగ్గర పడాలి. లేసు పని చేసే ఆడవాళ్ళు పగలంతా బయటే ఉన్నామనుకుంటారు. ఉండేది వసారా చూరు కింద, కాళ్ళ వేళ్ళ మీద మాత్రం కాస్త ఎండ పడుతూ ఉంటుంది. ఆ పీటని రెండడుగులు ముందుకి, ముంగిట్లోకి జరపండి. చేతులు మోచేతి పైదాకా, కాళ్ళు పిక్కలదాకా పడేలా పావుగంట నుంచి అరగంట, వారానికి మూడు నాలుగు రోజులు. తల మీద కొంగో తువ్వాలో వేసుకోండి. చామనచాయ ఒంటికి తెల్లతోలు కంటే ఎక్కువసేపు కావాలి. కిటికీ అద్దం లోపలినుంచి పడే ఎండ పనికిరాదు. అత్తయ్యగారి వయసు చర్మం కుర్రవాళ్ళ చర్మం చేసే దాంట్లో సగం కూడా చేయలేదు కాబట్టి ఆవిడకి మందే ఆధారం. రోహిణీ కార్తెలో పెద్దవాళ్ళని డి కోసమని ఎండలో కూర్చోబెట్టకండి, వడదెబ్బతో పోతారు.

తిండిలో డి దొరికేవి తక్కువ. కానాగంతలు, కవళ్ళు లాంటి నూనె ఉన్న సముద్రపు చేపల్లో బాగా ఉంటుంది. నరసాపురం సంతలో కవళ్ళు చవగ్గానే దొరుకుతాయి. పుస్తెలమ్మి పులస తినమన్నారు గాని డి కోసం ఆ పని చేయక్కర్లేదు. గుడ్డు పచ్చసొనలో 40 యూనిట్ల దాకా ఉంటుంది. ఇంట్లో గేదె పాలల్లో దాదాపు లేనట్టే. నీలం రంగులో ఎఫ్ అక్షరం, పక్కన ప్లస్ గుర్తు ఉన్న ప్యాకెట్ పాలల్లో లీటరుకి 200 నుంచి 300 యూనిట్లు కలుపుతారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పిన లెక్క ప్రకారం పెద్దవాళ్ళకి రోజుకి 600, అరవై దాటినవాళ్ళకి 800 కావాలి. దీన్నిబట్టి చూసుకోండి, 60,000 పొట్లం మనిషికి వంద రోజుల గ్రాసం. అది వారానికోసారి జీవితాంతం వేసుకోమనడం ఎంత తప్పో మీ మేనల్లుడికి ఈ ఒక్క లెక్క చాలు.

ఇంతటి పొట్లం "వారానికొకటి" అన్నది పొరపాటున "రోజుకొకటి" అని విని వేసేసుకునేవాళ్ళు ఉంటారు. రక్తంలో కాల్షియం పెరిగితే ఆకలి చచ్చిపోతుంది, వాంతులు, మలబద్ధకం, విపరీతమైన దాహం, పదేపదే ఒంటేలు, పెద్దవాళ్ళలో అయితే మాట తడబాటు, అయోమయం వస్తాయి. కిడ్నీ దెబ్బతింటుంది. డి కొవ్వులో నిలవ ఉండిపోతుంది కాబట్టి మానేసినా నెలల తరబడి వదలదు. ఈ లక్షణాలు కనబడితే పొట్లం ఆపి అదేరోజు కాల్షియం పరీక్ష, కిడ్నీ సంగతి చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించాలి.

పొట్లంలోని పొడిని పాలల్లోనే కలపాలనేం లేదు, నీళ్ళల్లోనూ కలపచ్చు. పాలు పడని అత్తగార్లకి బలవంతంగా పట్టించకండి. కొవ్వులో కరిగేది కాబట్టి నూనో నెయ్యో తగిలిన మధ్యాహ్నం భోజనం అయ్యాక వేసుకుంటే బాగా ఒంటికి పడుతుంది. ఖాళీ కడుపున, ఉపవాసం రోజున వద్దు. మీకూ అత్తయ్యగారికీ ఒకే రోజు పెట్టుకోండి, ఆదివారం అనుకోండి, ఎవరు వేసుకున్నారో వాళ్ళ పేరు ఎదురుగా క్యాలెండర్‌లో టిక్కు పెట్టండి. ఒక వారం మర్చిపోతే గుర్తొచ్చిన రోజు ఒకటే వేసుకోవాలి, రెండు కలిపి వేయకూడదు.